నిపుల్ బొట్టు నుంచి హైటెక్స్ హాలు దాకా: కోళ్ల ఎగ్జిబిషన్ కథ

[దృశ్యం: బాగా దగ్గరగా ఒక బొటనవేలు. కోళ్లు ముక్కుతో పొడిచి నీళ్లు తాగే ఎర్రటి నిపుల్‌ని కింద నుంచి నొక్కుతోంది. ఒక్క నీటి బొట్టు.]

ఈ వేలు మా మావయ్యదండి. మండపేట దగ్గర ఆయనకి లేయర్ ఫారం, అంటే గుడ్ల కోళ్ల ఫారం ఉంది. ఇప్పుడు మీరు చూస్తున్న చోటు మాత్రం హైదరాబాద్‌లో ఎగ్జిబిషన్లు జరిగే హైటెక్స్. నవంబరు నెల, పౌల్ట్రీ ఇండియా ఎక్స్‌పో. చుట్టూ లైట్లు, పెద్ద పెద్ద తెరలు, కోట్లు వేసుకున్నవాళ్లు. ఆయన పావుగంట నుంచి ఒకే స్టాల్ ముందు నిలబడి నిపుల్ నొక్కుతున్నాడు. నొక్కి వదలడం, వదిలాక బొట్టు ఆగిందా, ఇంకా కారుతోందా అని చూడడం, మళ్లీ నొక్కడం.

ఆ బొట్టు ఆగకపోతే నీళ్లు కింద పెంటలో పడతాయి. తడిసిన పెంటకి పురుగు పడుతుంది, ఈగ ముసురుతుంది, అమ్మోనియా ఘాటు లేస్తుంది. ఆ ఘాటుకి కోడి కళ్లు మండుతాయి, ఊపిరి దెబ్బతింటుంది, కేజ్ తీగ తుప్పు పడుతుంది. ఊళ్లోవాళ్లు గొడవకొస్తారు. ఇదంతా ఒక్క బొట్టు దగ్గర మొదలవుతుంది.

[టైటిల్]

నమస్కారమండి. ఏటేటా జరిగే ఆ ఎగ్జిబిషన్ ఎలా పుట్టిందో, మన గోదావరి షెడ్లకీ దానికీ సంబంధం ఏమిటో ఈ వీడియోలో చెప్పుకుందాం. మొదట్లో నేను దాన్ని కంపెనీల సంబరం అనుకునేవాణ్ణి. మావయ్య వెంట తిరిగాక నాకు ఒకటి తెలిసొచ్చింది. షెడ్డులో ఏ బాధ ముదిరితే, కొన్నాళ్లకి ఆ బాధ పేరు మీద అక్కడ ఒక స్టాల్ వెలుస్తుంది. అందుకే ఈ చరిత్రని నేను కంపెనీల వైపు నుంచి కాదు, షెడ్డు వైపు నుంచి చెప్తాను.

[దృశ్యం: పాత నలుపు తెలుపు ఫొటోలు. చెక్క గూళ్లు, గంపల్లో కోళ్లు.]

కోళ్లవాళ్లు ఒకచోట చేరడం ఇవాళ్టిది కాదు. 1921లోనే నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో మొదటి ప్రపంచ పౌల్ట్రీ కాంగ్రెస్ జరిగింది. అది ఎక్కువగా శాస్త్రవేత్తల సభ. రైతూ, మిషన్లు చేసేవాడూ ఎదురెదురుగా నిలబడి బేరమాడుకునే సంతలాంటిది కావాలంటే అమెరికా వైపు చూడాలి. 1947లో అక్కడి ఆగ్నేయ రాష్ట్రాల కోళ్ల రైతులు, వ్యాపారులు ఒక సంఘం పెట్టుకున్నారు. మరుసటేడు, 1948 నుంచి ప్రదర్శన మొదలైంది. ఇప్పుడు అది ఏటా జనవరి ప్రాంతంలో అట్లాంటాలో జరుగుతుంది. 2013లో కోళ్ల ప్రదర్శన, దాణా ప్రదర్శన, మాంసం ప్రదర్శన మూడూ ఒకే పేరు కిందకి వచ్చాయి.

అదే 1948లో అమెరికాలో ఇంకొకటి జరిగింది. 'రేపటి కోడి' అని ఒక పోటీ పెట్టి, ఛాతీ నిండా మాంసం ఉన్న కోడిని ఎవరు తయారు చేస్తారో చూశారు. అందులో పేరు తెచ్చుకున్న కోళ్లలోంచే తర్వాత బ్రాయిలర్, అంటే మాంసం కోళ్ల జాతులు వచ్చాయి. అంటే జాతి మారుతున్న రోజుల్లోనే ప్రదర్శన కూడా పుట్టింది. ఇది నాకు చాలా ముఖ్యంగా కనిపిస్తుంది. పెరట్లో తిరిగే నాటుకోడికి ఎగ్జిబిషన్ అక్కర్లేదు. దానికి గంప చాలు. ఏడాదికి మూడొందల గుడ్లు పెట్టే కోడికి మాత్రం రోజుకి దాదాపు 110 గ్రాముల లెక్కైన దాణా, దానికి రెట్టింపు నీళ్లు, 16 గంటల వెలుతురు, టైముకి టీకా కావాలి. వీటిలో ఏది తప్పినా మర్నాటి ట్రేలో తెలిసిపోతుంది.

[దృశ్యం: పాత హైదరాబాద్. తర్వాత గుడ్ల ట్రేలు కడుతున్న లారీ.]

మన దగ్గర ఆ మలుపు హైదరాబాద్‌లో వచ్చింది. 1971లో బి.వి.రావు గారు అక్కడ వేంకటేశ్వర హేచరీస్ మొదలుపెట్టారు. పిల్లలు వచ్చాయి, ఫారాలు లేచాయి, గుడ్లు పెరిగాయి. ధర మాత్రం రైతు చేతిలో లేదు. వ్యాపారి ఎంతంటే అంత. గుడ్డు దాచుకునే సరుకు కాదు కదా, తలొంచి ఇచ్చేయాల్సిందే. 1982లో రావు గారే ముందుండి రైతులందరినీ కూడగట్టి నెక్‌ని, అంటే జాతీయ గుడ్ల సమన్వయ కమిటీని నిలబెట్టారు. 'నా గుడ్డు, నా ధర, నా జీవితం' అన్నది అప్పటి నినాదం. ఆ నినాదం విలువ మా మావయ్య తరానికి తెలుసు. ఈ రోజుకీ నెక్ రేట్ల పట్టీలో తూర్పుగోదావరికో వరస, పశ్చిమగోదావరికో వరస, నూరు గుడ్లకి ఇంత అని ఉంటుంది. పొద్దున్నే ఫోన్లో అది చూశాకే ఇక్కడ కాఫీ తాగేవాళ్లున్నారు.

1996లో ఆ ప్రపంచ పౌల్ట్రీ కాంగ్రెస్ 20వ సభ ఢిల్లీకి వచ్చింది. రావు గారు పోయింది కూడా ఆ సంవత్సరమే.

[దృశ్యం: తణుకు, అనపర్తి, మండపేట బోర్డులు. వరి చేలు, మధ్యలో పొడుగాటి షెడ్లు.]

గోదావరి జిల్లాలకి కోళ్లు ఎందుకు కుదిరాయంటే, చుట్టూ వరి. రైస్ మిల్లుంటే తవుడుంటుంది, నూకలుంటాయి. మొక్కజొన్న కూడా దొరుకుతుంది. పెంటని చేపల చెరువులవాళ్లో, తోటలవాళ్లో పట్టుకెళ్తారు. ఇక్కడి గుడ్డు బెంగాల్, బీహార్, ఒడిశా, అస్సాం దాకా లారీల్లో వెళ్తుంది. 2022-23లో దేశం మొత్తం మీద 13,838 కోట్ల గుడ్లు వస్తే, అందులో 20 శాతం ఆంధ్రప్రదేశ్‌వే.

[దృశ్యం: హైటెక్స్ గేటు.]

ఇక మన ఎగ్జిబిషన్. 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్‌లో దేశంలో మొదటిసారి బర్డ్ ఫ్లూ బయటపడింది. దేశమంతా జనం కోడీ గుడ్డూ ముట్టడం మానేశారు. ఆ దెబ్బ నుంచి లేస్తున్న రోజుల్లోనే, 2007లో పౌల్ట్రీ ఇండియా మొదలైంది. పెట్టింది ప్రభుత్వం కాదు, కోళ్ల రైతుల సంఘం కూడా కాదు. పరికరాలు తయారుచేసేవాళ్లు. కేజ్‌లు, ఫీడర్లు, ఫ్యాన్లు, దాణా మిషన్లు చేసేవాళ్ల సంఘం, ఐపెమా. అందుకే ఈరోజుకీ అక్కడ ఇనుమే ముందు కనిపిస్తుంది. మందులు, టీకాలు, దాణా కంపెనీలు కూడా ఉంటాయి. ప్రదర్శనకి ముందు రోజు నాలెడ్జ్ డే పేరుతో నిపుణుల ప్రసంగాలు పెడతారు.

2019 దాకా ఏటా జరిగి 13 పూర్తయ్యాయి. కరోనాతో రెండేళ్లు లేదు. 2022లో 14వది, 2024లో 16వది. 2025 నవంబరుకి 17వది.

నవంబరు చివర కావడం మా వైపు వాళ్లకి బాగా కలిసొస్తుంది. కొన్నిసార్లు అది కార్తీకమాసంలో పడుతుంది. ఇళ్లలో మాంసం మానేస్తారు కాబట్టి బ్రాయిలర్ రైతుకి కాస్త తీరిక. లేయర్ వాళ్లకేమో ఉత్తరాదిన చలి మొదలై గుడ్డుకి గిరాకీ వచ్చే రోజులు. చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయి. రాత్రి రాజమండ్రిలో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి లింగంపల్లి. బోగీలో సగం మాటలు గుడ్డు రేటు గురించే.

[దృశ్యం: కేజ్ తీగ, దగ్గరగా. రెండు తీగలు కలిసిన అతుకు మీద గోరు గీస్తోంది.]

ఇక్కడ కాసేపు ఆగుదాం. కేజ్ గురించి చెప్పకపోతే ఈ వీడియోకి అర్థం లేదు.

ఒకసారి మావయ్య అక్కడ చూసిన కేజ్‌లే నచ్చి ఒక కంపెనీ దగ్గర కొన్నాడు. మూడేళ్లు తిరక్కుండా అతుకుల దగ్గర ఎర్రబడ్డాయి. అతుకు ఊడిన చోట తీగ మొన పైకి లేచింది. కోళ్ల కాళ్లు చీరుకున్నాయి, గుడ్లు జారేటప్పుడు గీసుకుని పగిలాయి. ఫోన్ చేస్తే, మీది కోస్తా గాలి అండి, మేం చేసేదేం లేదు అన్నారు. కోస్తా గాలని అమ్మేటప్పుడు తెలీదా?

తప్పు ఎక్కడుందంటే, జింకు పూత పూసిన తీగని తెచ్చి వెల్డింగ్ చేస్తే, ఆ వేడికి అతుకు దగ్గర పూత కాలిపోతుంది. అక్కడ ఇనుము బోసిగా మిగులుతుంది. ముందు వెల్డింగ్ చేసి, తర్వాత మొత్తం జాలీని కరిగిన జింకులో ముంచితే అతుకు కూడా కప్పుకుపోతుంది. కంటికి రెండూ తెల్లగానే ఉంటాయి. పెంట ఘాటు, డెల్టా తేమ కలిస్తే తేడా బయటపడుతుంది.

ఆ దెబ్బ తిన్నాక మావయ్య ప్రతి స్టాల్లో ఒకటే అడుగుతాడు. "బాబూ, ఇది వెల్డింగయ్యాక పూతా, పూతయ్యాక వెల్డింగా?" కొందరు పిల్లలు టక్కున చెప్తారు. కొందరు, "ఉండండి బాబాయ్ గారూ, మా సార్‌ని పిలుస్తా," అని లోపలికెళ్తారు. లోపలికెళ్లిన వాళ్ల కోసం మావయ్య ఆగడు.

[దృశ్యం: ఒక చివర పెద్ద ఫ్యాన్లు, ఇంకో చివర తడి ప్యాడ్లు. పొడుగాటి షెడ్డు లోపల.]

ఈ మధ్య ఎక్కువమంది గుమిగూడేది ఈసీ, అంటే ఎన్విరాన్‌మెంట్ కంట్రోల్డ్ షెడ్ల దగ్గర. అన్ని వైపులా మూసేసి, ఒక చివర ఫ్యాన్లతో గాలి లాగి, రెండో చివర తడిసిన అట్టల గుండా గాలి లోపలికి రానిచ్చే షెడ్డు. మే నెల ఎండలో కోడి నోరు తెరిచి రొప్పుతుంది. రొప్పినకొద్దీ రక్తంలోంచి కార్బన్ డయాక్సైడ్ పోతుంది. పెంకు తయారీకి అది కావాలి. అందుకే ఎండాకాలం పెంకు పల్చబడి, చేత్తో తీస్తుంటేనే చిట్లుతుంది. చల్లబరిస్తే ఇది తగ్గుతుంది, నిజమే. కానీ తడి ప్యాడ్ పొడిగాలిలో పనిచేసినంత బాగా తేమగాలిలో పనిచేయదు. మనది ఉక్కపోత దేశం. బ్రోచర్‌లో ఎన్ని డిగ్రీలు తగ్గుతుందని రాసినా, "ఎంత తేమలో?" అని అడగండి. దీని మీద అప్పు తెచ్చి కట్టేవాళ్లకి ఇది చాలా అవసరమైన ప్రశ్న అని నా నమ్మకం.

[దృశ్యం: ఖాళీ షెడ్డు. సున్నం చల్లిన దారి. మాటలు లేకుండా కొన్ని క్షణాలు.]

2025 ఫిబ్రవరి. తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారం. భోపాల్ ల్యాబు నుంచి బర్డ్ ఫ్లూ అని రిపోర్టు వచ్చింది. కిలోమీటరు లోపల ఇన్‌ఫెక్టెడ్ జోన్, పది కిలోమీటర్ల దాకా నిఘా. మాకు రాలేదు. అయినా ఆ పదిహేను రోజులూ మావయ్య షెడ్డు గుమ్మం దగ్గరే మంచం వేసుకున్నాడు. బయటి ట్రే లోపలికి రానివ్వలేదు, లారీ టైర్లకి మందు కొట్టకుండా గేటు తీయలేదు. అంతకుముందు ఎగ్జిబిషన్‌లో ఆ స్ప్రే గేట్ల స్టాల్ ముందు నుంచి మేం ఆగకుండా వచ్చేశాం. ఈసారి ముందు అక్కడికే వెళ్తాం అన్నాడు.

[దృశ్యం: ప్రస్తుతం. మావయ్య షెడ్డు. కేజ్‌ల కింద, పెంట గుట్ట మీదుగా ఒక పురికొస వేలాడుతోంది.]

ఇదిగో, ఇది చూడండి. పోయిన నవంబరులో రెండు స్టాళ్ల నుంచి రెండు తీగ ముక్కలు అడిగి తెచ్చాడు. ఇద్దరూ వెల్డింగయ్యాకే పూత అన్నారు. మావయ్య వాటికి అట్టముక్క చీటీలు కట్టి, ఇక్కడ, ఘాటు బాగా తగిలే చోట వేలాడదీశాడు. పది నెలలైంది.

[దృశ్యం: పురికొస దగ్గరగా. మావయ్య వేలు తీగ మీద దుమ్ము తుడుస్తోంది.]

ఎడమది అలాగే ఉంది. కుడిదాని అతుకు చుట్టూ సన్నగా ఎర్ర గీత. మావయ్య రెండింటినీ విప్పి, చీటీలతో సహా కాగితంలో చుట్టి, గౌతమి టిక్కెట్లు పెట్టిన సంచిలోనే పెట్టాడు.