చందా పుస్తకంలో సహవాసం

(హన్మకొండలోని ఒక సంఘంలో కోత పండుగ ఆరాధన తర్వాత చేసిన ప్రసంగం)

అందరికీ వందనాలు. పాస్టరు అయ్యగారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. బయట షామియానా కింద మీరు కానుకగా తెచ్చిన గుమ్మడికాయలు, వడ్ల బస్తా, మిరపకాయల సంచి, కాళ్లు కట్టేసిన నాలుగు కోళ్లు వేలంపాట కోసం ఎదురుచూస్తున్నాయి. ఇందాక ప్రార్థన జరుగుతుంటే అందులో ఒక కోడి మనకంటే ముందే ఆమెన్ అంది. దాని తొందర నాకు అర్థమైంది.

నిరుడు ఇదే వేలంపాటలో నేను ఒక సొరకాయను ఆరు వందలకు పాడాను. ఇంటికి తీసుకుపోతే మా అబ్బాయి నవ్వాడు. "ఇరవై రూపాయల కాయకు ఆరు వందలా అమ్మా? లెక్కల టీచరువి కాకపోవడం మంచిదైంది" అన్నాడు. అప్పుడు వాడికి సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇవాళ చెబుతాను, మీరు సాక్షులు.

కమిటీవాళ్లు ఇచ్చిన అంశం "విశ్వాసము, సహవాసము". విశ్వాసం గురించి అయ్యగారు ప్రతి ఆదివారం చెబుతున్నారు, నాకంటే బాగా చెబుతారు. నేను ముప్పై రెండేళ్లు తెలుగు పాఠాలు చెప్పిన మనిషిని, నాకు మాటల పిచ్చి. అందుకని రెండో మాట పట్టుకుంటాను.

ఇళ్లలో మనం సహవాసం అనం, సావాసం అంటాం. "ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారు" అని సామెత. పిల్లలు చెడిపోతే చెడు సావాసం అంటాం. అంటే ఇంట్లో ఈ మాటకు బలం ఉంది. పక్కనున్నవాడు మనల్ని మార్చేస్తాడని భయం ఉంది. గుడికి వచ్చేసరికి ఆ మాట మెత్తబడిపోయింది. సహవాస కూడిక అని కరపత్రం వేస్తాం. వస్తాం, పాడతాం, టీ తాగుతాం, చెప్పులు వెతుక్కుని వెళ్లిపోతాం.

అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయంలో తొలి సంఘం నాలుగు పనుల్లో ఎడతెగక ఉన్నదని రాసి ఉంది. అపొస్తలుల బోధ, సహవాసం, రొట్టె విరవడం, ప్రార్థన. అక్కడ సహవాసం అన్నచోట గ్రీకులో ఉన్న మాట కొయినోనియ. నాకు గ్రీకు రాదు. అయ్యగారి దగ్గర పదకోశం అడిగి తెచ్చుకుని, ఈ మాట ఇంకా ఎక్కడెక్కడ ఉందో వేలు పెట్టి వెతికాను. రోమా పత్రిక 15వ అధ్యాయం 26వ వచనం దగ్గర ఆగిపోయాను. యెరూషలేములోని బీదల కోసం మాసిదోనియ, అకయ సంఘాలవాళ్లు డబ్బు పోగుచేసిన సంగతి అది. అక్కడ కూడా కొయినోనియే. మన తెలుగు బైబిలులో దాన్ని ఏమని రాశారో తెలుసా? చందా!

హెబ్రీ పత్రిక 13:16లో అదే మాట ధర్మము అయింది. మొదటి కొరింథీ 10:16లో, ప్రభువు బల్ల దగ్గర, పాలుపుచ్చుకొనుట అయింది. అనువాదం చేసిన పెద్దలు తప్పు చేయలేదు, ఎక్కడికి తగ్గ మాట అక్కడ వేశారు. కానీ మనం మాత్రం ఆ నాలుగు మాటలనూ నాలుగు గదుల్లో పెట్టేశాం. సహవాసం పాటల గదిలోకి పోయింది, చందా కోశాధికారి బీరువాలోకి పోయింది. వాటి వేరు ఒకటే. కొయినోస్ అంటే ఉమ్మడి. ఉమ్మడి బావి, ఉమ్మడి కాపురం, ఉమ్మడి వరంగల్ జిల్లా. 2016లో జిల్లా ముక్కలైనా మన నోట ఉమ్మడి వరంగల్ అనే వస్తుంది చూడండి, అలాంటి ఉమ్మడి.

చందా అన్నాను కాబట్టి ఒక సంగతి ఒప్పుకోవాలి. ఇది ఈ సంఘంలో జరగలేదు. 1998లో నేను ములుగు దారిలో ఒక ఊళ్లో పనిచేసేదాన్ని. ఊరి పేరు, సంఘం పేరు చెప్పను. చదువుకున్నదాన్ని, అక్షరాలు గుండ్రంగా రాస్తానని నన్ను కోశాధికారిని చేశారు. అప్పుడు సంఘ చందా ఇంటికి నెలకు పది రూపాయలు. బాకీ ఉన్నవాళ్ల ఇంట్లో పెళ్లి గానీ, మట్టి అంటే సమాధి కార్యక్రమం గానీ జరిగితే ముందు బాకీ కట్టాలని కమిటీ తీర్మానం. ఆ తీర్మానం మీద నా సంతకం కూడా ఉంది.

ఆ సంఘంలో ఒకామె ఉండేది. పత్తి ఏరడానికి, మిరప కోతలకు కూలికి పోయేది. అందరం పెద్దమ్మా అని పిలిచేవాళ్లం. ఆమె భర్త చలికాలంలో చనిపోయాడు. శవం ఇంటి ముందు ఉంది, గుడి గంట ఇంకా కొట్టలేదు. సమాధుల తోటలో గుంత తీయడానికి చీటీ రాయాలి. సంఘ పెద్ద ఒకాయన నావైపు చూశారు. నేను పుస్తకం తెరిచాను. మూడేళ్ల బాకీ, 360 రూపాయలు.

నేను గొంతు పెంచలేదు. చాలా మర్యాదగా చెప్పాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ మర్యాదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. ఆమె కొంగు ముడి విప్పింది. బంధువులు మట్టి ఖర్చుకని చేతిలో పెట్టిన నోట్లు అవి. లెక్కపెట్టి ఇచ్చి ఒక మాట అంది. "రసీదు రాయి బిడ్డా. మళ్లెవరన్న అడిగితే చూపియ్యాలె కదా."

రాశాను, గుండ్రంగా.

తర్వాత ఆమె గుడికి రాలేదు. ఆదరణ కూడికకు అయ్యగారు వాళ్ల ఇంటికి పోతే కుర్చీ వేసింది, టీ ఇచ్చింది, ఏమీ అనలేదు. ఆదివారం మాత్రం కనబడలేదు. పక్కింటివాళ్లు చెప్పేవాళ్లు, తెల్లవారుజామున పొయ్యి ముందు కూర్చుని కీర్తనలు పాడుకుంటుందని, ఒక్కత్తే పెద్దగా ప్రార్థన చేసుకుంటుందని. అంటే ఆమె విశ్వాసానికి ఏమీ కాలేదు. దాని మీద నా పుస్తకానికి అధికారం లేదు. నేను తీసుకోగలిగింది రెండోదాన్ని, దాన్ని తీసుకున్నాను. మీ అంశంలో ఆ రెండు మాటలూ పక్కపక్కన చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆమె ముఖమే.

అసలు సంగతి ఇంకా ఉంది. మరుసటి ఏడు కోత పండుగ లెక్కలు రాస్తుంటే స్త్రీల మైత్రి అక్కలు మాట్లాడుకుంటున్నారు. "ఈసారి పెద్దమ్మ కోడి లేదు కదా" అని. నేను తలెత్తాను. ఆమె ప్రతి ఏడూ పండుగకు ఒక పెట్టనో పుంజునో తెచ్చేదట. ఒక్కొక్కటి వేలంలో నూట యాభైకీ, రెండు వందలకూ పోయేదట. పుస్తకం తిరగేశాను. కోడి ఉంది, ధర ఉంది, పాడినవాళ్ల పేరు ఉంది. తెచ్చినవాళ్ల పేరు రాసే గడే లేదు! ఆమె మూడేళ్లలో తెచ్చిన కోళ్ల వెల ఆమె బాకీని దాటిపోయింది. అదంతా రెండు వందలు జేబులోంచి తీసినవాళ్ల ఖాతాలో జమైంది. కోడిని తవుడు పెట్టి పెంచిన మనిషి బాకీదారుగా మిగిలింది.

ఆమె 2004లో చనిపోయింది. అప్పటికి నాకు బదిలీ అయింది. కబురు అందింది కానీ మట్టికి పోలేదు. సెలవు దొరకలేదని నాకు నేనే చెప్పుకున్నాను.

కొరింథు సంఘం కథ కూడా ఇలాంటిదే, అందుకే మొదటి కొరింథీ పదకొండో అధ్యాయం చదివితే నాకు టెన్షన్. బల్ల తీసుకునే ప్రతిసారీ ఆ అధ్యాయంలోంచి ప్రభువు మాటలు వింటాం, వాటికి ముందున్న తిట్లు మాత్రం వినం. అక్కడ కలిసి తినడానికే కూడుకుంటున్నారు. కానీ ఉన్నవాళ్లు ముందే వచ్చి, ముందే తిని, తాగి మత్తులో ఉన్నారు. లేనివాళ్లు ఆకలితో ఉన్నారు. పని దిగి ఆలస్యంగా వచ్చేది కూలివాళ్లు, బానిసలే అయి ఉంటారని పండితులు అంటారు. పేదలను సిగ్గుపరుస్తారా అని ఆ పత్రిక రాసిన పౌలు నిలదీశాడు. మీరు తింటున్నది ప్రభువు భోజనమే కాదు పొమ్మన్నాడు. బోధ తప్పని అనలేదు, పాటలు తప్పని అనలేదు. భోజనాల బంతి తప్పు అన్నాడు.

మన పాత వరంగల్ జిల్లాలోనే దోర్నకల్ ఉంది. కాజీపేటలో రైలెక్కితే రెండు గంటలు కూడా పట్టదు. మన పిల్లలు మెదక్ గుడి ముందు ఫొటోలు దిగుతారు, మంచిదే. దోర్నకల్ కూడా ఒకసారి చూపించండి. 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయిన గుడి. మినార్ల పోలిక ఉంటుంది, హిందూ దేవాలయ మండపం పోలిక ఉంటుంది, లోపల మన ఆరాధన. దాన్ని కట్టించిన బిషప్ అజరయ్య తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. ఇక్కడికి వచ్చి తెలుగు నేర్చుకుని మన పల్లెల్లో తిరిగాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే.

దానికి రెండేళ్ల ముందు, 1910లో, ఎడిన్‌బరోలో పెద్ద మిషనరీ మహాసభ జరిగింది. వెయ్యికి పైగా ప్రతినిధులు, దాదాపు అందరూ తెల్లవాళ్లే. అక్కడ ముప్పై అయిదేళ్ల అజరయ్య లేచి మాట్లాడాడు. మిషనరీలకూ దేశీయ సేవకులకూ మధ్య ఉన్నది యజమాని, జీతగాడి సంబంధమే తప్ప స్నేహం కాదని ముఖం మీదే చెప్పాడు. మీరు బీదలకు ఆస్తి ఇచ్చారు, కాల్చబడడానికి శరీరాలు కూడా ఇచ్చారు, మేము ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నాడు. సభలో కొందరికి కోపం వచ్చింది. రాదా మరి? అన్నీ ఇచ్చామనుకున్నవాళ్ల ముందు నిలబడి, ఇవ్వనిది ఒకటుందని చెప్పాడు.

సంఘంలో కులం ఉండకూడదని ఆయన జీవితమంతా పోరాడాడు. 1945 జనవరి 1న దోర్నకల్‌లోనే కన్నుమూశాడు. ఆయన ఏళ్ల తరబడి కృషి చేసిన దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న ఏర్పడింది, చూడడానికి ఆయన లేడు. సంఘాలైతే కలిశాయి. రెండు గూడేలవాళ్లు ఒకే బంతిలో కూర్చోవడానికి కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువ కాలం పట్టింది. ఇక పెళ్లి సంబంధాల దగ్గర మనం మొదట ఏం అడుగుతామో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇవాళ ఆ జోలికి పోను, పోతే ఇరవై నిమిషాలు చాలవు.

మా నానమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన చిన్న కుండలో వేసేది. ఆదివారం ఆ బియ్యం మూటగట్టి గుడికి తెచ్చేది. అందరూ అలాగే తెచ్చేవాళ్లు. పొయ్యి వెలిగించే ప్రతి ఇల్లూ ఇవ్వగలిగిన కానుక అది, కలిపేసిన తర్వాత ఎవరి పిడికెడు ఏదో తెలియదు. ఆ బియ్యంలోంచే అయ్యగారి ఇంటికి, ముసలివాళ్లకు, జబ్బుపడినవాళ్లకు పోయేది. ఇప్పుడు కవర్లు వచ్చాయి, బల్ల మీద ఫోన్‌పే బోర్డు కూడా వచ్చింది. వాటిని తప్పుపట్టను, చిల్లర గొడవ తప్పింది. కాకపోతే కవరు మీద పేరు ఉంటుంది.

2023 జూలైలో వానలకు వరంగల్ కాలనీలు మునిగినప్పుడు ఈ హాలు తలుపులు తీశాం. మీలో చాలామంది నడుములోతు నీళ్లలో పోయి జనాన్ని తీసుకొచ్చారు. మూడు రోజులు కిచిడీ వండాం. మన సంఘంవాళ్లా కాదా అని ఎవరినీ అడగలేదు. నేను అన్నం వడ్డిస్తూ అనుకున్నాను, నీళ్లొస్తే తెరుచుకునే తలుపు చావొస్తే ఎందుకు పుస్తకం అడుగుతుందని.

అవును, మన సంఘ నిబంధనల్లో కూడా ఆ బాకీ షరతు ఉంది. ఈ మధ్య ఎవరినీ అడగలేదు, నిజమే. అయినా కాగితం మీద ఉంది, రేపు వచ్చే కోశాధికారి నాలాంటి మనిషే కావచ్చు. చందా వద్దనడం లేదు. కరెంటు బిల్లు ప్రార్థనతో తీరదు, అయ్యగారి పిల్లల ఫీజులూ తీరవు. ఓటు హక్కుకు బాకీ లేకుండా ఉండాలంటారా, ఉండనివ్వండి. సమాధుల తోట చీటీకి మాత్రం ఆ షరతు తీసేయాలి. రెండో ఆదివారం కమిటీ మీటింగ్ ఉందని సెక్రటరీ గారు చెప్పారు. నేను రాతపూర్వకంగా ఇస్తున్నాను. నాతో సంతకం పెట్టేవాళ్లు భోజనాల తర్వాత స్త్రీల మైత్రి బల్ల దగ్గరికి రండి, పెన్ను నేనే ఇస్తాను.

ఇక సొరకాయ సంగతి. నిరుడు నేను ఆరు వందలకు పాడిన ఆ కాయను ఎవరు తెచ్చారో నాకు తెలియదు. ఏడాది నుంచి అడుగుతున్నాను, ఎవరూ చెప్పడం లేదు. పుస్తకంలో నా పేరు ఉంది, నా ఆరు వందలు ఉన్నాయి. గింజ నాటి, నీళ్లు పోసి, పందిరి వేసి, కోతుల నుంచి కాపాడి తెచ్చిన మనిషి పేరు లేదు. ఆ కాయ ఇరవై రూపాయలదే, మా అబ్బాయి లెక్క తప్పు కాదు. ఆరు వందలు కట్టింది పాత బాకీకి.

ఈసారి వేలంపాట పుస్తకం రాసే పని నేను అడిగి తీసుకున్నాను. రాత్రి కూర్చుని స్కేలుతో ఒక గడి ఎక్కువ గీసుకొచ్చాను. పాడినవారు అన్న గడికి ముందు తెచ్చినవారు అన్న గడి ఉంది. అది నిండకుండా ఏ వస్తువూ వేలానికి పోదు. సిగ్గుపడి తప్పించుకుంటే కుదరదు, ఇంటిదాకా వచ్చి రాసుకుంటాను.

అయ్యగారు గడియారం చూస్తున్నారు. సరే, బయటికి పోదాం. ముందు ఆ ఆమెన్ చెప్పిన కోడిని ఎవరు తెచ్చారో చెప్పండి, పేరు రాసుకుంటాను.