పిల్లలతో గాడిద ట్రెక్: ఫ్రాన్స్‌లోని వెలే పల్లెబాటల రివ్యూ

నమస్కారం. దక్షిణ మధ్య ఫ్రాన్స్‌లోని వెలే ప్రాంతంలో గాడిదను అద్దెకు తీసుకుని, దాని మీద సామాను వేసి, ఊరి నుంచి ఊరికి కుటుంబంతో నడిచివెళ్లే ట్రెక్ గురించి ఈ వీడియోలో చెబుతాను. మన హైదరాబాద్ వీధుల్లో గాడిదపాలు అమ్మేవారి వెంట తప్ప గాడిదను దగ్గరగా చూడని మా పిల్లలకు ఇది పూర్తిగా కొత్త అనుభవం.

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పాలి: ఇది స్వారీ కాదు. గాడిద సుమారు 40 కిలోల సామాను మోస్తుంది, మనం పక్కన నడుస్తాము. బయలుదేరే ముందు యజమాని అన్నీ నేర్పిస్తారు. జీను కింద గడ్డిపరక ఉన్నా చర్మం ఒరుసుకుపోతుంది కాబట్టి వీపును బాగా దువ్వాలి. గిట్టలు ఎత్తి, ఇరుక్కున్న రాళ్లను కొక్కెంతో తీయాలి. మా చిన్నమ్మాయి తీసిన మొదటి రాయి బొగ్గులా నల్లగా ఉంది. రెండు వైపుల సంచులూ సమానంగా తూగకపోతే జీను ఒక పక్కకు జారుతుంది. ఒక్క నీళ్ల సీసాను అటు నుంచి ఇటు మార్చితే చాలు, సర్దుకుంటుంది.

దారిలో గాడిదను ఒక్కసారి మేయనిచ్చామా, ఆ తరువాత పచ్చిక కనిపించిన ప్రతిచోటా ఆగుతుంది. పగ్గం పట్టుకునే బాధ్యత పిల్లలకు అప్పగించడంతో, "ఇంకా ఎంత దూరం?" అనే ప్రశ్న మాకు దాదాపు వినబడలేదు. ఈ ట్రెక్‌కు నేను వేసే మార్కుల్లో సగం దానికే.

ఇక్కడి నేల అగ్నిపర్వతాల లావా నుంచి ఏర్పడింది. గోడలు నల్లరాతివి, బూషే సరస్సు పాత అగ్నిపర్వత బిలంలో నిండిన నీరు, పొలాల్లో పండేది ఇక్కడి ల ప్వీ పట్టణం పేరుతో పిలిచే పచ్చ మసూరు. మన తాండూరు కందిపప్పుకు 2022లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చినట్లే, ఆ పప్పుకు 1996లోనే అలాంటి రక్షణ లభించింది. వికారాబాద్ వైపు నల్లరేగడి కూడా లావా రాతి నుంచి వచ్చినదే కాబట్టి, ఆ చేల గట్ల మీద నడుస్తుంటే నాకు పరాయిదేశం అనిపించలేదు.

1878లో స్కాట్లాండ్ రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ మోడెస్టీన్ అనే గాడిదతో బయలుదేరిన ల మొనాస్టియే అనే ఊరు కూడా ఈ ప్రాంతంలోనిదే. ఆయన నడిచిన మార్గాన్ని ఇప్పుడు జీఆర్ 70 అనే నడకదారిగా పిలుస్తారు.

లోపాలు కూడా ఉన్నాయి. మసూరును అక్కడ తరచుగా పంది మాంసంతో కలిపి వండుతారు. శాకాహారులు బసకు ముందే తెలియజేయకపోతే రాత్రికి రొట్టె, జున్నుతో సరిపెట్టుకోవలసిందే. లియోన్ నుంచి సాన్ ఎతియెన్ మీదుగా వచ్చే రైలు ప్రయాణం కూడా నెమ్మదిగానే సాగుతుంది. రోజుకు నాలుగు దర్శనీయ స్థలాలు చూడాలనుకునేవారికి ఈ ట్రెక్ నచ్చదు. బుక్ చేసుకునే ముందు వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్లో పిల్లలను ఒక పూట నడిపించి చూడండి. అక్కడ హాయిగా నడిచినవారు ఇక్కడా నడుస్తారు.