లైట్‌హౌస్‌కి సిమెంటా, సున్నమా?

శీను: రికార్డింగ్ మొదలైందా చిన్నా? సరే. నమస్తే అందరికీ. ఈ వారం పాత లైట్‌హౌస్‌ల గురించి. వాటిని బాగుచేసి పిల్లలకీ, చుట్టుపక్కల జనానికీ ఎలా తెరవాలి అన్నది విషయం. అక్కా, ముందే చెప్తున్నా, ఈసారి విజయవాడ గాంధీ కొండ ఊసు వద్దు.

మాధవి: నేనింకా నోరే తెరవలేదు.

శీను: చల్లపల్లి ఎపిసోడ్‌లోనూ ఇదే మాట.

మాధవి: అది వేరే కథ. నువ్వు చెప్పు.

శీను: 2024 ఫిబ్రవరిలో దేశం మొత్తమ్మీద 75 లైట్‌హౌస్‌లను పర్యాటకుల కోసం సిద్ధం చేసి తూత్తుకుడి సభలో ప్రధాని ప్రారంభించారు. చెన్నై మెరీనాది 2013లోనే మళ్ళీ జనానికి తెరిచారు. లిఫ్ట్ కూడా ఉంది. అలా చేస్తే బాగుంటుంది కదా?

మాధవి: మెరీనాది కాంక్రీటు టవర్ శీనూ. నా బెంగ అంతకంటే పాతవాటి గురించి. అదే చెన్నైలో హైకోర్టు ఆవరణలో 1844 నాటి రాతి స్తంభం ఉంది. 1894లో దీపాన్ని హైకోర్టు గోపురం మీదికి మార్చారు. అలాంటి కట్టడం, అందులోనూ ఇటుకా సున్నంతో కట్టింది చేతికొస్తే మనవాళ్ళు ముందు చేసే పనేంటి? నున్నగా కనపడాలని సిమెంటు పూసేస్తారు.

శీను: సముద్రపు గాలికి సిమెంటు కాక ఇంకేం ఆగుతుంది?

మాధవి: పాత ఇటుక గోడ చెమ్మ పీలుస్తుంది, మళ్ళీ వదిలేస్తుంది. సున్నం పూత దాన్ని బయటికి పోనిస్తుంది. సిమెంటు వేశావా, చెమ్మ లోపలే ఇరుక్కుంటుంది. నీరు ఆరినచోట ఉప్పు గడ్డకట్టి ఇటుకని పగలగొడుతుంది. పైకి గోడ బ్రహ్మాండంగా ఉంటుంది. వేలితో తట్టి చూడు, డొల్ల చప్పుడు వస్తుంది. పెచ్చు ఊడిందంటే వెనకాల ఎర్రటి పొడే.

శీను: ఒప్పుకుంటా. కానీ గానుగ సున్నం రుబ్బే మేస్త్రీలు ఇప్పుడెక్కడున్నారు?

మాధవి: తక్కువే ఉన్నారు. అందుకే వాళ్ళని పిలిపించి నలుగురు కుర్రాళ్ళకి పని నేర్పించాలంటున్నాను. సున్నం నానబెట్టడం, ఇసుక కలిపి రుబ్బడం, కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు పోయడం... ఆ పని జరుగుతున్నప్పుడే స్కూలు పిల్లల్ని తీసుకెళ్ళి చూపించు. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని మళ్ళీ రాయిలా మారుతుంది. సైన్సు పాఠం కళ్ళముందే!

శీను: అది గట్టిపడ్డానికి నెలలు పడుతుంది. బిల్లు మార్చి 31లోపు పాసవ్వాలి. ఏ కాంట్రాక్టరు ఆగుతాడు చెప్పు?

మాధవి: నూటయాభై ఏళ్ళు నిలబడ్డ గోడ కోసం నాలుగు నెలలు ఆగలేమా?

శీను: నా మీద అరిస్తే ఎట్లా అక్కా?

మాధవి: నీ మీద కాదమ్మా. గాంధీ కొండ చూడు...

శీను: వచ్చేసింది!

మాధవి: విను. 52 అడుగుల స్తూపం, 1968లో జాకీర్ హుస్సేన్ గారు ఆవిష్కరించారు. నక్షత్రశాల, లైబ్రరీ, పిల్లల రైలు, అన్నీ ఊరి నడిబొడ్డున. ఎత్తు నుంచి చూడ్డం, చదువు, ఆట, లైట్‌హౌస్‌లో మనం కోరుకునేవన్నీ ఆ కొండ మీద పెట్టుకున్నాం. రిబ్బను కత్తిరించడం ఒక్క రోజు పని. తర్వాత రోజూ చూసుకునేదెవరు? ముందు ఆ పేరు రాయండి, తర్వాత టెండరు పిలవండి.

శీను: ఈ మాటకి మాత్రం నేను నీవైపే. సరే, పిల్లల దగ్గరికొద్దాం. నాకు నచ్చేది లెన్స్. 1823లో ఫ్రాన్స్‌లో ఫ్రెనెల్ తన కటకాన్ని కోర్డువాన్ లైట్‌హౌస్‌లో పెట్టాడు. మందపాటి కటకం బదులు వలయాలుగా గాజు పేర్చాడు. పగలు దాని చుట్టూ తెరలు వేసేవాళ్ళు, లేకపోతే ఎండ ఒకచోట పడి నిప్పంటుకునేది.

మాధవి: అలాంటిది అసలు లెన్సే ఉండాలి, నకలు కాదు. ఇంకోటి, ఒక్కో లైట్‌హౌస్ దీపం ఎన్ని సెకన్లకోసారి మెరుస్తుందన్నదానికి ఒక్కో లెక్క. పిల్లల చేతికి స్టాప్‌వాచ్ ఇచ్చి చీకట్లో నిలబెడితే సెకన్లు వాళ్ళే పట్టుకుంటారు. ముప్ఫై మీటర్ల ఎత్తు నుంచి చూస్తే సముద్రం దాదాపు 20 కిలోమీటర్ల దూరం కనపడుతుంది. ఆ లెక్క పదో తరగతి పిల్లలు చేయగలరు.

శీను: ఉప్పెన సంగతి కూడా చెప్పాలి కదా.

మాధవి: చెప్పాలి. (కాసేపు ఆగి) మా అమ్మ తరఫువాళ్ళది నాగాయలంక వైపు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన పేరెత్తితే ఇంట్లో ఇప్పటికీ ఎవరూ మాట్లాడరు. 1864 నవంబరులో బందరుకీ అంతే. దీపం ఓడలకి దారి చూపింది, ఒడ్డున ఉన్నవాళ్ళకి ఏం చూపించింది? అందుకే లోపలి గోడ మీద నీళ్ళు ఎంత ఎత్తుకి వచ్చాయో గీత గీయాలి. పిల్లలు దాని పక్కన నిలబడి చూసుకోవాలి.

శీను: ...అవును.

మాధవి: సరే, పద. మెట్ల సంగతేంటి? మా అమ్మ అన్ని మెట్లు ఎక్కలేదు. లిఫ్ట్ పెడదామా?

శీను: ఇటుక గోడకి లిఫ్టా? గోడ పగలగొడతావా నువ్వు?

మాధవి: నేనెందుకు పగలగొడతాను! బయట ఇంకో నిర్మాణం...

శీను: అప్పుడు దూరం నుంచి చూస్తే లైట్‌హౌస్ కనపడదు, ఇనప చట్రం కనపడుతుంది.

మాధవి: కింద ఒక గదిలో తెర పెట్టి, పైన కెమెరా...

శీను: అది ఎక్కినట్టు అవుతుందా?

మాధవి: కాదు. కానీ గాంధీ కొండ మీద...

శీను: చిన్నా టైమ్ అయిపోయిందంటున్నాడు. అక్కా, వచ్చేవారం.

మాధవి: వచ్చేవారం ఇక్కడి నుంచే మొదలుపెడతాను.