ఎం35 ట్రక్కు బ్రేకులు: బాగుచేస్తే చాలా, మార్చి తీరాలా?

సమన్వయకర్త: నమస్కారం. అమెరికా సైన్యం సరుకులు, సైనికుల రవాణాకు వాడి వదిలించుకున్న ఎం35 ట్రక్కులు ఇప్పుడు ఎందరో సేకర్తల చేతుల్లో ఉన్నాయి. 1950 ప్రాంతంలో రూపుదిద్దుకున్న బండిని అప్పటి తరహా బ్రేకులతో నేటి రోడ్ల మీద తిప్పవచ్చా అన్న వివాదం మళ్లీ రాజుకుంది. మనతో ఒక సేకర్త, ఒక మెకానిక్, ఒక బ్రేకుల ఇంజనీరు ఉన్నారు. ముగ్గురికీ సమాన సమయం ఇస్తాను. సేకర్త గారూ, అసలు ఇవి మ్యూజియంలో ఉండవలసినవి కావా?

సేకర్త: కావండీ. నడిచే బండిని నిలబెట్టేస్తేనే పాడవుతుంది. చక్రం దగ్గర బ్రేకును తోసే వీల్ సిలిండర్లలో రబ్బరు కప్పులు, చక్రాల దగ్గరి గొట్టాలు, తుప్పు పట్టిన ఉక్కు పైపులు కొత్తవి వేయండి. ఆ బ్రేకులు సైన్యంలో పనిచేసినట్టే...

మెకానిక్: సైన్యంలో ఎలా పనిచేశాయో నేను చెబుతాను. ఎం35లో ఒక రకమైన ఎం35ఎ2లో, పెడల్ తొక్కితే బ్రేకు ఆయిలును చక్రాలకు నెట్టే మాస్టర్ సిలిండర్ ఒకటే. అక్కడి నుంచి ఆరు చక్రాలకూ ఆయిల్ దారి ఒకటే. ఏ మూల గొట్టం పగిలినా ఆయిలంతా అటే పోతుంది, పెడల్ నేలకు దిగిపోతుంది. ఒక్క చక్రానికైనా బ్రేకు మిగలదు.

సేకర్త: నా మాట పూర్తి కాలేదు.

మెకానిక్: ఖాళీగానే ఆరు టన్నుల దాకా తూగే బండి అది! అమెరికాలో కొత్త కార్లకు, ఒక ఆయిల్ దారి పోయినా రెండోది పనిచేసే రెండు దారుల బ్రేకులు 1968 నుంచే తప్పనిసరి. కారుకు అక్కరకొచ్చింది ట్రక్కుకు అక్కర్లేదా?

సమన్వయకర్త: ఇంజనీరు గారూ, ఇంత ప్రమాదం ఉన్నప్పుడు మ్యూజియమే మేలు కదా?

ఇంజనీరు: ముందు అమరిక అర్థం కావాలి. గాలి ట్యాంకులు చూసి చాలామంది దీన్ని పూర్తి గాలి బ్రేకు అనుకుంటారు. పెద్ద లారీలో గాలి పోతే స్ప్రింగులు బ్రేకు పట్టేస్తాయి. ఇందులో చక్రాలను ఆపేది ఆయిలే. గాలి బూస్టరులో చేరి ఆ ఒత్తిడిని పెంచుతుంది, అంతే. గాలి పోతే పెడల్ రాయిలా బిగుస్తుంది, బలంగా తొక్కితే కొంత బ్రేకు పడుతుంది. ఆయిల్ పోతే మాత్రం...

మెకానిక్: ఏమీ ఉండదు! నేను మొదటి నుంచీ చెబుతున్నది అదే.

ఇంజనీరు: కానీ రెండు గదుల మాస్టర్ సిలిండర్ కొని బిగించగానే పని అయిపోదు. ఆ రెండు దారులూ పాత బూస్టరు దగ్గర మళ్లీ కలిస్తే, దాని తర్వాత ఎక్కడ లీకైనా కథ మొదటికే వస్తుంది. ముందు ఇరుసుకు ఒక బూస్టరు, వెనుక రెండు ఇరుసులకు మరొకటి...

మెకానిక్: పెట్టుకోవాలి! ఎవరు వద్దన్నారు?

సేకర్త: హ్యాండ్ బ్రేకు ఉంది కదండీ.

మెకానిక్: హ్యాండ్ బ్రేకా! అది చక్రాల దగ్గర లేదు, ఇంజను శక్తిని ముందూ వెనుకా ఇరుసులకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు వెనుక ఉన్న చిన్న బ్రేకు డ్రమ్ము. నిలబెట్టిన బండి కదలకుండా ఉండటానికి పెట్టింది. లోడుతో వాలు దిగేటప్పుడు దాన్ని లాగి ఆపుతానంటే నేను ఆ బండి ఎక్కను.

సేకర్త: పరీక్ష ముఖ్యం అంటున్నాను. ఏటా డ్రమ్ములు విప్పి చూసేవాడికి గొట్టం ముందే హెచ్చరిస్తుంది. సైన్యం 1980లలో సిలికాన్ బ్రేకు ఆయిలుకు మారింది కూడా తుప్పు బాధ తగ్గించుకోవడానికే. అది నీరు పీల్చదు.

మెకానిక్: పీల్చదు, కానీ లోపలికి చేరిన నీరు అడుగున నిలుస్తుంది. అక్కడే సిలిండరు తినేస్తుంది!

ఇంజనీరు: ఇద్దరి మాటా నిజమే. మామూలు గ్లైకాల్ ఆయిలు నీరు పీల్చుకుంటుంది. అందులో అమెరికా ప్రమాణాల ప్రకారం డాట్ 3 అనే రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ కనీస హద్దు 140కి దిగుతుంది. సిలికానుకు ఆ బెడద తక్కువ, కానీ అందులో గాలి బుడగలు సులభంగా చిక్కుకుంటాయి, నెమ్మదిగా పోయాలి. ఆ రెండింటినీ మాత్రం ఎప్పుడూ కలపకూడదు.

సమన్వయకర్త: మనం ఆయిల్లోకి వెళ్లిపోయాం. మళ్లీ అడుగుతున్నాను, మ్యూజియంలో పెడితే ఈ తలనొప్పి ఉండదు కదా?

ఇంజనీరు: మ్యూజియంలోనూ డ్రమ్ములు విప్పుతారండీ. బ్రేకు షూల మీది రాపిడి పొరల్లో, అంటే పాత లైనింగుల్లో, ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. ఆ దుమ్మును గాలి గొట్టంతో ఊదకండి, తడిపి తుడవండి. ఇది మాత్రం...

సమన్వయకర్త: చూశారా, ఆరోగ్యానికీ ముప్పే!

మెకానిక్: దుమ్ము సంగతి తర్వాత. డిస్క్ బ్రేకులు వేయండి. వాలులో డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి, దాన్ని లోపలి నుంచి ఒత్తే షూకు దూరమవుతుంది, పెడల్ లోతుకు పోతుంది. డిస్కుకు ఆ బాధ లేదు.

ఇంజనీరు: డిస్కుకు మరో లెక్క ఉంది. డ్రమ్ములోని రెండు షూలలో ముందువైపు దాన్ని తిరిగే డ్రమ్మే లోపలికి లాగి ఇంకా బిగిస్తుంది. డిస్కుకు ఆ సాయం రాదు, ఎక్కువ ఒత్తిడి కావాలి. పాత మాస్టర్ సిలిండరు అలాగే ఉంచి ముందు చక్రాలకు మాత్రం డిస్కులు వేస్తే, ముందూ వెనుకా పట్టు పొంతన తప్పుతుంది. లెక్క కట్టకుండా చేసిన మార్పు పాత అమరిక కన్నా...

మెకానిక్: లెక్క కట్టే వేద్దాం! ఒకే దారి బ్రేకున్న బండిని ఊరేగింపులో జనం మధ్యకు రానివ్వకూడదు. రోడ్డు పక్కన పిల్లలు నిలబడతారు. ఆ మాట మరచిపోయి అసలుతనం గురించి మాట్లాడటం నాకు చేతకాదు.

సేకర్త: అలా నియమం పెడితే అసలైన బండి ఒక్కటీ కళ్లబడదు. అప్పటి డ్రైవరు పాదం కింద పెడల్ ఎలా ఉండేదో తెలిపే సాక్ష్యం పోతుంది. మారుస్తామంటే, తీసిన భాగాలన్నీ దాచి, చట్రానికి కొత్త రంధ్రం పడకుండా...

మెకానిక్: దాచుకోండి, ఎవరు కాదన్నారు? కానీ బండి మీద మాత్రం రెండు దారులుండాలి!

సమన్వయకర్త: సమయం దగ్గర పడింది. సేకర్త గారు, ఇంజనీరు గారు ఒక్కొక్క మాటలో చెప్పండి. మెకానిక్ గారు అడిగినట్టు నియమం పెట్టాలా?

సేకర్త: ఒక్క మాటలో తేలేది కాదండీ.

ఇంజనీరు: ఏ బండికి, ఏ వేగానికి, ఎంత లోడుకు అన్నది చూడకుండా...

మెకానిక్: పెట్టాలి! ఆరు చక్రాలకు ఒకే గొట్టం మీద ఆధారపడే బండిని...

సమన్వయకర్త: సరే, మెకానిక్ గారి వాదనతో విరామం తీసుకుందాం. మ్యూజియం ప్రశ్నకు మాత్రం నాకు ఇంకా జవాబు రాలేదు.