ఆగిన నిమిషాల లెక్క

శ్రోతలకు నమస్కారం. వానలు వెనుకబట్టి తెల్లవారుజామున గాలి చల్లబడిందంటే హైదరాబాదులో సైకిలు తొక్కేవారికి మంచి రోజులు వచ్చినట్లే. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మా సైకిల్ క్లబ్బు కార్యక్రమాలు ఒకదాని వెంట ఒకటి ఉంటాయి. ఆదివారాల్లో ఔటర్ రింగు రోడ్డు పక్కన, సౌర ఫలకాల కప్పు కింద 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాకు మీద కొత్తవారి కోసం నెమ్మది సవారీలు. వేగం ఇష్టపడేవారికి ఒక్కొక్కరే బయలుదేరి గడియారంతో పోటీపడే చిన్న పందెం. ఆ పైన 200 కిలోమీటర్ల బ్రెవే. నేను ఈ పూట మాట్లాడదలచుకున్నది బ్రెవే గురించే.

బ్రెవే పందెం కాదు. ఫ్రాన్సు నుంచి వచ్చిన ఈ పద్ధతిలో ముందు వచ్చినవారికి బహుమతి లేదు, చివర వచ్చినవారికి చిన్నతనం లేదు. 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో ముగించినవారందరూ సమానమే. దారిలో కంట్రోల్ అనే తనిఖీ స్థలాలుంటాయి, ప్రతిదానికీ మూసే వేళ ఉంటుంది. నూరో కిలోమీటరు దగ్గరి కంట్రోల్, బయలుదేరిన 6 గంటల 40 నిమిషాలకు మూతపడుతుంది. అంటే గంటకు 15 కిలోమీటర్లు తొక్కితే చాలు. ఇదేమంత కష్టమని నేనూ అనుకున్నాను.

నా మొదటి బ్రెవే జహీరాబాదు దాకా వెళ్లి రావడం. ఉదయం 6 గంటలకు బయలుదేరాము. పటాన్‌చెరు దాటిన తరువాత మంచు విడిపోయి, రోడ్డు ఖాళీ అయి, సైకిలు గంటకు 20 కిలోమీటర్లకు తగ్గకుండా పరుగెత్తుతుంటే, పదకొండింటికల్లా జహీరాబాదులో ఉంటాననుకుని తొందరేమీ లేదన్న ధీమాతో సంగారెడ్డిలో ఇడ్లీకి ఆగాను. వేడి వాయ రావాలన్నారు, కూర్చున్నాను. సదాశివపేట దాటాక వెనుక చక్రంలో తుమ్మముల్లు దిగింది. ముల్లు తీసి, ట్యూబు మార్చి, గాలి కొట్టేసరికి చేతులు నల్లబడ్డాయి, చొక్కా తడిసింది. ఆ అలసట తీరాలని టీ. ఆ తరువాత చెరకు తోటల పక్కన ఫొటోలు. ఏ ఒక్కటీ పెద్ద ఆలస్యం కాదు. కాని జహీరాబాదులో కంట్రోల్ బల్ల ముందు నిలబడి, కంట్రోల్ చేరిన వేళ రాయించుకునే, చెమటకు మెత్తబడిన నా బ్రెవే కార్డును చాపినప్పుడు, అక్కడి స్వచ్ఛంద సేవకుడు గడియారం చూసి రాసిన వేళ 12 గంటల 28 నిమిషాలు. ఇంకో 12 నిమిషాలైతే బల్ల ఎత్తేసేవారు.

అక్కడే కూర్చుని లెక్క వేసుకున్నాను. ఇడ్లీకి 35, ముల్లుకు 20, టీకి 15, ఫొటోలకు 18 నిమిషాలు: మొత్తం 88. తొక్కడంలో నేను ఓడిపోలేదు. ఆగడంలో ఓడిపోబోయాను.

తిరుగు ప్రయాణంలో చలికాలపు తూరుపు గాలి ముఖానికి ఎదురైంది. ఎంత బలం పెట్టినా 17 కిలోమీటర్లకు మించి వేగం రాలేదు. చీకటి పడ్డాక దీపం వెలుగులో తెల్లగీతను పట్టుకుని వచ్చాను. సాయంత్రం 7 గంటల 30 నిమిషాల వరకు గడువు. నేను చేరింది 7 గంటల 12 నిమిషాలకు. ఆ సాయంత్రం నన్ను కాపాడింది నా కాళ్లు కావు, దారిలో ఒక్కసారే ఆగి, అది కూడా నిలబడే అరటిపండు తిని, సీసాలో నీళ్లు నింపుకుని కదలడమే.

ఈ లెక్క కొత్తదేమీ కాదు. 1891లో పారిస్ నుంచి బ్రెస్ట్‌కు వెళ్లి తిరిగి పారిస్ చేరే సుమారు 1200 కిలోమీటర్ల మొదటి పందెంలో షార్ల్ తెరాంట్ 71 గంటల 22 నిమిషాల్లో గెలిచాడు. ముందున్న ప్రత్యర్థి రాత్రివేళ నిద్రపోతుండగా అతన్ని దాటిపోయాడు. నిద్రమాని తొక్కమని నేను ఎవరికీ చెప్పను, అది ప్రమాదం. కాని సైకిలు నిలిచినా గడియారం నిలవదన్నది అప్పుడూ ఇప్పుడూ ఒకటే. ఇప్పుడది పందెం కాదు, నాలుగేళ్లకొకసారి జరిగే బ్రెవే, తరువాతిది 2027లో. దానికి వెళ్లాలనుకునేవారు 200, 300, 400, 600 కిలోమీటర్ల మెట్లన్నీ ఎక్కాలి, మొదటి మెట్టు ఈ 200.

కాబట్టి మొదటిసారి వచ్చేవారికి ఒక్కటే చెబుతాను: ఆగండి, తప్పకుండా ఆగండి, కాని ఆగేముందు ఎన్ని నిమిషాలో నిర్ణయించుకుని ఆగండి. చొక్కా జేబులో ఒక పెన్సిలు, చిన్న కాగితం ఉంచుకుని, ఆగిన వేళ, కదిలిన వేళ రాసుకోండి. కార్డును మాత్రం పాలిథీన్ కవరులో పెట్టుకోండి.

బ్రెవే నాడు ఉదయం 5 గంటలకే రండి. హెల్మెట్, ముందు వెనుక దీపాలు, వెలుగు పడితే మెరిసే జాకెట్టు చూసిన తరువాతే బయలుదేరనిస్తారు. వచ్చే ఆదివారం ట్రాకు మీద సవారీ ముగిశాక గంటసేపు ట్యూబు మార్చడం నేర్పుతాము. వెనుక చక్రంతోనే మొదలుపెడతాము; చెయినుకున్న నల్లని జిడ్డును చూసి అందరూ జంకేది దానికే, నడిరోడ్డు మీద ముల్లు దిగేదీ ఎక్కువగా దానికే.