నోట్‌బుక్ నిండా ముత్యాల్లాంటి అక్షరాలు, చదవమంటే నోరు పెగలదు

నమస్తే అండి అందరికీ. పోయిన వీడియో కింద ఒక అమ్మగారు అడిగారు, మావాడు ఏడో తరగతి, రాయమంటే పేజీలకి పేజీలు రాసేస్తాడు, చదవమంటే మాత్రం ఒక్క లైను కూడా కూడబలుక్కుంటూ చదువుతాడు, మళ్ళీ అ ఆల నుంచి మొదలుపెట్టించమంటారా అని. దీనికి రెండు ముక్కల్లో జవాబు టైప్ చెయ్యబుద్ధి కాలేదు నాకు, ఎందుకంటే ఇలాంటి పిల్లోడే నా క్లాసులోనూ ఉండేవాడు.

నేను అనంతపురం వైపు తెలుగు టీచర్‌ని, ఆరు ఏడు ఎనిమిది క్లాసులు. ఆ పిల్లోడి నోట్‌బుక్ తెరిస్తే ముచ్చటేసేది, ఒక్క కొట్టివేత ఉండదు, మార్జిన్ కూడా స్కేలు పెట్టి గీసుకునేవాడు. మూడు నెలలు ఎర్రపెన్నుతో గుడ్, వెరీ గుడ్ అని పెట్టుకుంటూ పోయాను. ఒకరోజు ఏదో అనిపించి, నువ్వు రాసిన జవాబే చదువు నాన్నా అన్నాను. లేచాడు, పుస్తకం వైపు చూశాడు, నోరు పెగల్లేదు. వాడికి బోర్డు మీద ఉన్నది ఒక బొమ్మ, గైడులో ఉన్నది ఇంకో బొమ్మ, ఆ బొమ్మని అందంగా దించేస్తున్నాడు అంతే, అందులో మాట వాడికి వినపడట్లేదు. ఆ రోజు ఇంటికెళ్ళాక నాకు అన్నం సహించలేదండి.

చూచిరాత అనేది ఒకటో తరగతిలో చెయ్యి తిరగడానికి. మనం దాన్ని ఎనిమిదో తరగతి దాకా లాక్కొస్తున్నాం. ప్రతి సబ్జెక్టులో ప్రశ్న జవాబు, ప్రశ్న జవాబు, ఫార్మేటివ్ పరీక్షల్లో రాతపనికి మార్కులు కాబట్టి నోట్‌బుక్ నిండాలి, నిండితే టీచర్ సంతోషం, ఇంట్లో అమ్మానాన్నలు సంతోషం, లోపల పిల్లోడు మాత్రం ఎక్కడ ఆగిపోయాడో అక్కడే ఉంటాడు.

ఎక్కడ ఆగిపోయాడు అన్నదే అసలు సంగతి. పన్నెండేళ్ళ పిల్లోణ్ణి అందరి ముందు అ ఆలు దిద్దమంటే సిగ్గుతో చచ్చిపోతాడు, రేపటినుంచి బడికే రాడు. పైగా వాడికి అ ఆలు వచ్చు. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళు పిల్లలకి చదవడం ఎంతవరకు వచ్చో చూడ్డానికి 2005 నుంచి అసర్ సర్వే చేస్తున్నారు కదా, వాళ్ళ పద్ధతి చాలా సింపుల్, ముందు నాలుగు చిన్న వాక్యాల పేరా ఇస్తారు, ఒకటో తరగతి స్థాయిది, చదివితే రెండో తరగతి స్థాయి కథ, చదవలేకపోతే పదాలు, అవీ రాకపోతే అక్షరాలు. ఒక్కో పిల్లోడికి అయిదు నిమిషాలు చాలు, పక్కన ఎవరూ ఉండకూడదు, వరండాలో కూర్చోబెట్టుకుని చెయ్యొచ్చు. నేను అలాగే చేశాను, మావాడు ఇల్లు, ఆవు, చెరువు, మేక అన్నీ టకటకా చదివాడు, ఒత్తు కనపడితే ఆగిపోయాడు. నా క్లాసుల్లో నేను చూసినంతవరకు వెనకబడ్డ పిల్లల్లో ఎక్కువమంది ఆగేది అక్కడే.

అయిదో తరగతి దాకా మాటలు చిన్నవి, ఎలాగో ఊహించి నెట్టుకొస్తారు. ఆరులోకి రాగానే సోషల్‌లో ప్రభుత్వం, వ్యవస్థ, రాష్ట్రం, సైన్స్‌లో కిరణజన్య సంయోగక్రియ, ఒక్కసారిగా మీద పడతాయి. రాష్ట్రంలో ష కింద ట, దాని కింద మళ్ళీ ర, ఊహకి అందేది కాదు.

ఒత్తులకి నేను చేసింది చెప్తాను. చాలా అక్షరాలకి ఒత్తంటే ఆ అక్షరమే, తలకట్టు ఉంటే తీసేసి చిన్నగా కింద రాయడమే, గ్గ, డ్డ, చ్చ చూడండి. రూపం మారిపోయేవి త న మ య ర ల వ, ఈ ఏడే. వీటికి అత్త, అన్న, అమ్మ, అయ్య, గొర్రె, పిల్ల, అవ్వ. ఇంట్లోవాళ్ళంతా అందులోనే ఉన్నారు, మా పిల్లల ఇళ్ళల్లో గొర్రె కూడా ఇంటి మనిషే. రోజుకి ఒక్క ఒత్తు, దాంతో పిల్లలు చెప్పిన పది మాటలు, మర్నాడు ఆ మాటలున్న చిన్న పేరా. ఇంకోటి, పు వు రాసేటప్పుడు కొమ్ము కిందికి ఎందుకు దిగుతుందో చెప్పండి, మామూలుగా పక్కన పెడితే వ కాస్తా మ అయిపోతుంది కాబట్టి. కారణం చెప్తే ఈ వయసు పిల్లలకి ఇట్టే పట్టుబడుతుంది, చిన్నపిల్లలకి లేని సౌకర్యం వీళ్ళకి ఇదే, బుర్ర ఎదిగింది.

తెలంగాణలో 2022లో ఒకటి నుంచి అయిదు తరగతులకి చదవడం రాయడం లాంటి పునాది గట్టిపరచడానికి తొలిమెట్టు అనే కార్యక్రమం పెట్టారు, మరుసటి ఏడాదే ఆరు నుంచి తొమ్మిది దాకా అలాంటిదే ఉన్నతి తెచ్చారు, అంటే పెద్ద క్లాసుల్లో ఈ లోటు ఉందని ఒప్పుకున్నట్టే కదా, నాకు అది మంచి సంగతే అనిపించింది. హైస్కూల్ టీచర్లకి పాఠం చెప్పడం వచ్చు కానీ మొదటి చదువు నేర్పడం మాకెవరూ నేర్పలేదు, అది ఎస్జీటీల, అంటే ప్రైమరీ స్కూల్ టీచర్ల పని అనుకుంటాం. నేనైతే మా పక్క ప్రైమరీ స్కూల్ మేడం దగ్గరికెళ్ళి అడిగి నేర్చుకున్నాను.

ఇక రాత. వాడి చేత గైడు మూయించాను. రాత్రి మీ ఇంట్లో ఏం జరిగిందో చెప్పు అన్నాను, వాడు చెప్పింది చెప్పినట్టు నేను బోర్డు మీద రాశాను, వాడి యాసలోనే, తర్వాత చదవమన్నాను. తన మాటే కాబట్టి ఒత్తులు తగిలినా ఆగలేదు. ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులుగారి ఫొటోకి దండేస్తాం, ఆయన జనం మాట్లాడే భాషే రాతలోకి రావాలని జీవితమంతా పోరాడినాయన, అయినా పిల్లోడు వస్తాది అని రాస్తే వెంటనే ఎర్రపెన్ను తీస్తాం. మొదటి నెల తియ్యకండి దయచేసి. తర్వాత కూడా ఒకరోజు ఒత్తుల తప్పులే చూడండి, ఇంకోరోజు దీర్ఘాలే.

దసరా సెలవులయ్యాక వాడు ఎవరి సాయం లేకుండా రాసింది ఇది: మా నాయన రాతిరి మోటరు కాడ పండుకుంటాడు, కరంటు ఎప్పుడు వస్తాదో తెలీదు, అమ్మ సద్ది కట్టిస్తే నేనే ఎత్తకపోతా. కొట్టివేతలు ఆరేడు ఉన్నాయి, మార్జిన్ లేదు. గుడ్ అని పెట్టలేదు, సద్దిలో ఏం కట్టింది అమ్మ అని కింద రాశాను, రాగిసంకటి, చెనిక్కాయల ఊరిబిండి అని జవాబు రాసిచ్చాడు.

అమ్మగారూ, మీరు ఈ రాత్రికి మీవాడి నోట్‌బుక్‌లో వాడు రాసిందే ఒక పేజీ చదివించండి, పక్కన తమ్ముళ్ళు చెల్లెళ్ళు ఎవరూ లేకుండా చూసుకోండి, తిట్టొద్దు, ఏ మాట దగ్గర ఆగాడో పెన్సిల్‌తో చుక్క పెట్టుకోండి. ఆ చుక్కల మాటలు నాకు కింద రాయండి, వచ్చే వీడియోలో వాటితోనే పేరా ఎలా తయారుచేసుకోవాలో చూపిస్తాను.