వారమ్ పెర్సీ: పూడ్చిన కమాను చెప్పే కథ

నమస్కారం. ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ కొండల నడుమ పాడుబడిన వారమ్ పెర్సీ అనే ఊరి ప్రస్తావన వస్తే చాలు, 1348-49 నాటి ప్లేగు ఆ ఊరిని తుడిచిపెట్టిందని చెప్పేస్తున్నారు. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే అది ఆ ఊరి చివరి కుటుంబాలకు జరిగిన అన్యాయాన్ని కప్పిపుచ్చుతుంది.

[దృశ్యం: పై నుంచి పచ్చిక నేల]

పచ్చిక కింద ఉబ్బెత్తుగా కనిపిస్తున్నవి ఇళ్ళ పునాదులు, వాటి నడుమ పల్లంగా సాగినవి ఊరి బాటలు. మన పాటిదిబ్బల మీద పెంకులు ఏరినవారికి ఇటువంటి నేల కొత్త కాదు. ఇళ్ళన్నీ నేలమట్టమైనా చర్చి గోడలు మాత్రం కప్పు లేకుండా నేటికీ నిలిచి ఉన్నాయి.

[దృశ్యం: చర్చి గోడ, దగ్గరగా]

ఈ గోడలో కమాను ఆకారం స్పష్టంగా తెలుస్తోంది, కాని దాని లోపల రాళ్ళు పేర్చి పూడ్చివేశారు. ఒకప్పుడు దాని అవతల చర్చికి పక్క వసారా ఉండేది; జనం పెరిగినప్పుడు దానిని కట్టుకున్నారు, జనం తగ్గాక తీసివేశారు. మండువా లోగిలిలో కొడుకులు ఒక్కొక్కరే వెళ్ళిపోతుంటే, మిగిలిన పెద్దవారు వాడని గదులకు ఒక్కొక్కటిగా తాళం వేస్తూ వస్తారు కదా! అందరూ ఒకేసారి పోయిన ఇంట్లో తాళం వేయడానికి ఎవరుంటారు? పూడ్చిన ఈ కమాను అటువంటి తాళమే, బతికి ఉన్నవారు వేసిన తాళం.

చరిత్రకారుడు మారిస్ బెరెస్‌ఫర్డ్, పురావస్తు పరిశోధకుడు జాన్ హర్స్ట్‌ల ఆధ్వర్యంలో 1950 నుంచి 1990 వరకు వేసవి వేసవికీ సాగిన తవ్వకాలు, పాత దస్తావేజులు కలిసి ఇదే చెబుతున్నాయి. ప్లేగు వచ్చి వెళ్ళిన చాలా ఏళ్ళకు, 1368లో కూడా, ఇక్కడ సుమారు 30 ఇళ్ళలో జనం ఉన్నారు.

మరి లోగిలికి చివరి తాళం వేసినదెవరు? జనం తగ్గడంతో కూలి రేట్లు పెరిగాయి, ఉన్నికి గిరాకీ బాగుంది, ఊరి పొలమంతా పచ్చిక చేస్తే ఒకరిద్దరు గొర్రెల కాపరులతో సరిపోతుంది. సుమారు 1500లో భూస్వామి బారన్ హిల్టన్ మిగిలిన కొద్ది కుటుంబాలనూ వెళ్ళగొట్టాడు. పొలాలను పచ్చికగా మార్చి ఊళ్ళు ఖాళీ చేయించడంపై 1517లో ప్రభుత్వం జరిపిన విచారణలో, ఇక్కడ పాడుబడినవిగా నమోదైన లెక్క నాలుగు ఇళ్ళు, పని లేకుండా పోయినవి నాలుగు నాగళ్ళు. వెళ్ళిపోయింది రోగం వల్ల కాదు, గొర్రెల కోసం.

సమయం అయిపోతోంది కనుక, చర్చి ఆవరణలో దొరికిన సుమారు 700 అస్థిపంజరాల సంగతి మరో వీడియోలో వివరిస్తాను. ఒక్క విషయం మాత్రం ఇప్పుడే చెప్పాలి: ఊరు లేని ఆ చర్చికి, పక్కనున్న థిక్సెండేల్ వారు 1870 ప్రాంతంలో సొంత చర్చి కట్టుకునేదాకా ప్రార్థనకు వస్తూనే ఉన్నారు.